నాలుగు పాత షేవింగ్ బ్రష్‌లు: పని డైరీ

శనివారం

ఈసారి బల్ల మీదికి వచ్చినవి నాలుగు. తేనె రంగు పిడి ఉన్న అమెరికన్ ఎవర్‌రెడీ బ్రాండ్ బ్రష్ ఒకటి. నల్ల పిడితో రబ్బర్‌సెట్ ఒకటి. ఏ గుర్తూ లేని మీగడ రంగు బ్రష్ ఇంకొకటి. చేతిలోకి తీసుకోగానే లోపల బోలు అని బరువే చెప్పేస్తుంది. నాలుగోది ఇంగ్లండ్‌లో తయారైన సింప్సన్, బ్యాడ్జర్ అనే జంతువు వెంట్రుకలది. చూడ్డానికి అన్నీ ఒక కుటుంబంలాగే ఉన్నా, ఒకదానికి చేసిన వైద్యం ఇంకొకదానికి చేస్తే పాడైపోతుంది.

పాత బ్రష్‌ని బాగుచేయడం అంటే నా వరకు ఒక్కటే అర్థం: అది మళ్ళీ పొద్దున్నే నురగ చేయాలి. కొత్తదానిలా తళతళ మెరిపించడం మీద నాకు ఆసక్తి లేదు. ఎనభై తొంభై ఏళ్ళు ఎవరెవరి చేతుల్లోనో తిరిగిన పిడి మీద పట్టిన రంగు కూడా ఆ వస్తువులో భాగమే. దాన్ని అరగదీసి పారేస్తే మిగిలేది ఒక ప్లాస్టిక్ ముక్క.

అందుకని ఏ బ్రష్ వచ్చినా ముందు రెండు విషయాలు తేల్చుకుంటాను. పిడి దేనితో చేశారు? వెంట్రుక ఏ జంతువుది? ఇవి తేలేదాకా దానికి నీళ్ళు కూడా తగలనివ్వను. ఈరోజు చేసింది కూడా ఎక్కువేం లేదు. చేతులకి గ్లవ్స్ వేసుకుని, నాలుగు కుచ్చులకీ ప్లాస్టిక్ సంచులు తొడిగి రబ్బర్ బ్యాండ్ వేశాను. ఫొటోలు తీసుకున్నాను. వెర్నియర్ కాలిపర్స్‌తో కొలతలు రాసుకున్నాను: పిడి ఎత్తు, మెడ దగ్గర బయటి వ్యాసం, కుచ్చు మొదట్లో లావు, పిడి పైనుంచి వెంట్రుకల కొస దాకా ఎత్తు. ఈ చివరి కొలతనే బ్రష్‌ల వాళ్ళు లాఫ్ట్ అంటారు. పని సగంలో ఉండగా పాత కొలత కావాల్సి వస్తే అప్పటికి పాత కుచ్చు ఉండదు కాబట్టి ఈ పని ముందే అయిపోవాలి.

ఆదివారం

పదార్థం గుర్తుపట్టడానికి నేను నమ్మేది ముక్కునే. పిడిని ఒకేచోట బొటనవేలితో వేడి పుట్టేదాకా రుద్ది, వెంటనే ఆ వేలు వాసన చూడాలి.

నల్ల పిడి నుంచి గంధకం వాసన వచ్చింది. అంటే ఎబొనైట్, గట్టి రబ్బరు. మామూలు రబ్బరులో గంధకం బాగా ఎక్కువ కలిపి వేడి చేస్తే అది కొయ్యంత గట్టిపడుతుంది. దీనికి 1851లో పేటెంట్ తీసుకున్నది నెల్సన్ గుడ్‌ఇయర్, రబ్బరు వల్కనైజేషన్‌తో పేరొచ్చిన చార్లెస్ గుడ్‌ఇయర్ తమ్ముడు. కొత్తలో అది నిగనిగలాడే నలుపు. ఎండ, వెలుతురు తగిలేకొద్దీ పైపొరలోని గంధకం ఆక్సిజన్‌తో కలిసి గోధుమ రంగుకి, ఒక్కోసారి ఆకుపచ్చ కలిసిన గోధుమకి తిరుగుతుంది. వేడి నీళ్ళు తగిలితే ఆ మార్పు నిమిషాల్లో జరిగిపోతుంది. అందుకే ఎబొనైట్ అని తేలిన పిడిని వేడి నీళ్ళ దరిదాపులకి కూడా తీసుకెళ్ళకూడదు.

మీగడ రంగు పిడిది స్పష్టంగా కర్పూరం వాసన. సెల్యులాయిడ్. అమెరికాలో జాన్ వెస్లీ హయత్ 1870 ప్రాంతంలో పేటెంట్ చేసిన పదార్థం ఇది, నైట్రోసెల్యులోజ్‌లో కర్పూరం కలిపి చేసేవాళ్ళు. బిలియర్డ్స్ బంతులకి ఏనుగు దంతం బదులు ఏదైనా దొరుకుతుందా అన్న వెతుకులాటలోంచి వచ్చింది. ఈ పిడి మీద కూడా దంతంలో ఉండే సన్నటి చారలు పోలికగా వేశారు. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఆ చారలు ఎంతో అందంగా కనిపిస్తాయి. కానీ సెల్యులాయిడ్ చాలా తొందరగా అంటుకుంటుంది. దీని దగ్గర డ్రిల్లు, గ్రైండర్, వేడి గాలి ఏవీ ఉండకూడదు. అసిటోన్ అసలు కూడదు, పిడి కరిగిపోతుంది.

తేనె రంగు పిడి రుద్దితే ఆసుపత్రి వాసన లాంటి ఘాటు వచ్చింది. ఫినాలిక్ రెజిన్. నిర్ధారణకి ఇంకో మంచి పద్ధతి ఉంది: లోహాలకి వాడే పాలిష్ క్రీమ్ కొంచెం తెల్లగుడ్డ మీద వేసి, పిడి అడుగున కనపడని చోట రుద్దాలి. గుడ్డ పసుపు పచ్చగా అయితే ఫినాలికే. నా గుడ్డ పచ్చబడింది.

దీని గురించి కాస్త ఎక్కువ రాయాలనుంది, ఎందుకంటే నేను బ్రష్‌లు సేకరించడానికి సగం కారణం ఈ పదార్థమే. లియో బేక్‌లాండ్ 1907లో ఫినాల్, ఫార్మాల్డిహైడ్ కలిపి బేకలైట్ చేశాడు, 1909లో లోకానికి చెప్పాడు. దాన్ని అచ్చుల్లో నొక్కి చేసేటప్పుడు బలం కోసం రంపపు పొట్టు లాంటివి కలిపేవాళ్ళు, కాబట్టి ముదురు రంగులే సాధ్యమయ్యేవి. ఆ పొట్టు లేకుండా రెజిన్‌ని ద్రవంగా సీసపు అచ్చుల్లో పోసి, రోజుల తరబడి సన్నని వేడిలో గట్టిపరిచే పద్ధతి తర్వాత వచ్చింది. 1920ల చివర్లో అమెరికాలో కాటలిన్ పేరుతో ఇది బాగా వ్యాపించింది. పొట్టు లేదు కాబట్టి ఏ రంగైనా వస్తుంది, లోపలికి కొంచెం వెలుతురు దిగుతుంది. రేడియో పెట్టెలు, గాజులు, కత్తుల పిడులు, షేవింగ్ బ్రష్‌లు అన్నీ దీంతో చేశారు. ఇప్పుడు మనం చూసే తేనె రంగు చాలాసార్లు కాలం ఇచ్చినదే. మొదట అది మీగడ తెలుపు. పైపొర ఏళ్ళ తరబడి ఆక్సీకరణం చెందుతూ వెన్న రంగు, తేనె రంగు, ఆ తర్వాత దాదాపు బెల్లం రంగు అవుతుంది. పిడి అడుగున చిన్న గీత పడినచోట చూస్తే లోపల ఇంకా తెల్లగానే ఉంది.

సింప్సన్ పిడికి ఏ వాసనా లేదు. దానికి చేయబోయేది చల్లని నీళ్ళతో కడగడమే కాబట్టి అంతకు మించి పరీక్ష అక్కర్లేదు.

సోమవారం

ఈరోజు వెంట్రుకలు చూశాను. పాత బ్రష్‌ల మీద మనసు పడేవాళ్ళు అన్నిటికంటే ముందు తెలుసుకోవలసిన విషయం ఇక్కడే ఉంది.

మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికాలోనూ ఇంగ్లండ్‌లోనూ ఆంత్రాక్స్ కేసులు ఒక్కసారిగా పెరిగాయి. పశువులకి వచ్చే దొమ్మ రోగం అంటే అదే. రోగులు సైనికులు, గుమాస్తాలు, పశువుల ముఖం కూడా చూడనివాళ్ళు. పుండు మాత్రం ముఖం మీదో మెడ మీదో వచ్చేది. వెతికితే అందరి దగ్గరా తేలింది కొత్తగా కొన్న షేవింగ్ బ్రష్. బ్యాడ్జర్ కుచ్చు ఖరీదైనది కాబట్టి చైనా, సైబీరియాల నుంచి వచ్చే చవక గుర్రపు వెంట్రుకలకి రంగు వేసి బ్యాడ్జర్‌లా కనిపించేట్టు చేసేవాళ్ళు. యుద్ధానికి ముందు ఆ సరుకు యూరప్‌లో శుద్ధి అయి వచ్చేది. యుద్ధంతో ఆ దారి మూసుకుపోయింది, శుద్ధి సరిగా జరగని వెంట్రుకలు నేరుగా ఫ్యాక్టరీలకి చేరాయి. గడ్డం గీసుకుంటే సన్నటి గాట్లు పడతాయి, రోగకారకం లోపలికి పోవడానికి అవి చాలు. జపాన్ షేవింగ్ బ్రష్‌ల దిగుమతిని బ్రిటన్ 1920లో నిషేధించింది. ఆ తర్వాతి అమెరికన్ బ్రష్‌ల మీద ‘స్టెరిలైజ్డ్’ అన్న ముద్ర తరచుగా కనిపించడానికి కారణం ఈ భయమే. నా ఎవర్‌రెడీ మీద కూడా ఆ ముద్ర ఉంది.

ఇది పాతకాలపు కథే కదా అనుకోవడానికి లేదు. ఆంత్రాక్స్ బీజాలు దశాబ్దాల పాటు ఎండిన స్థితిలో బతికి ఉండగలవు. 2017లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ పత్రికలో ఈ పాత కేసులన్నిటి మీదా ఒక సమీక్ష వచ్చింది. పాత వస్తువులతో గడ్డం గీసుకునే మోజు మళ్ళీ పెరుగుతోంది కాబట్టి ఈ విషయం గుర్తుంచుకోండని అది ఆరోగ్యశాఖల వాళ్ళని హెచ్చరించింది. ప్రమాదం జరిగే అవకాశం చాలా తక్కువే. అయినా ఒక కుచ్చు కోసం అంతటి రిస్క్ తీసుకోవడంలో నాకు అర్థం కనిపించదు. స్పిరిట్‌లో ముంచితే సరిపోతుందని కొందరు అంటారు, సరిపోదు. ఆల్కహాల్ ఆ బీజాలని చంపలేదు. బ్లీచింగ్ ద్రావణం గట్టిగా వాడితే వెంట్రుకే ముందు చస్తుంది. కాసేపు మరిగించినా నమ్మకం లేదు, పైగా కుచ్చుని పట్టి ఉంచిన జిగురు ఊడిపోతుంది. కాబట్టి నా నియమం సూటిగా ఉంటుంది: 1940కి ముందుదని అనుమానం వస్తే పాత వెంట్రుకతో ముఖం మీద నురగ పెట్టను. పిడిని ఉంచుకుంటాను, కుచ్చు మారుస్తాను.

ఇక గుర్తుపట్టడం. బ్యాడ్జర్ వెంట్రుక మధ్యలో లావుగా ఉండి రెండు కొసలకీ సన్నబడుతుంది. మధ్యలో నల్ల పట్టీ, పైన తెల్లని కొస. ఆ పట్టీ అంచు ఎప్పుడూ కొంచెం ఎగుడుదిగుడుగానే ఉంటుంది, ఎందుకంటే అది జంతువు ఒంటి మీదే అలా పుట్టింది. పంది వెంట్రుక మందంగా, లేత రంగులో ఉంటుంది, కొస రెండుమూడు పాయలుగా చీలి ఉంటుంది. గుర్రపు వెంట్రుక మొదలు నుంచి చివర దాకా ఒకే లావు, కొస కత్తిరించినట్టు మొండిగా ఉంటుంది. రంగు వేసినదైతే నల్ల పట్టీ స్కేలు పెట్టి గీసినట్టు ఒకే ఎత్తులో ఆగిపోతుంది.

సంచి తీయకుండానే, దాని మీదుగా భూతద్దంతో చూశాను. ఎవర్‌రెడీలోనూ రబ్బర్‌సెట్‌లోనూ పంది వెంట్రుకలు. సింప్సన్‌లో మంచి బ్యాడ్జర్. మీగడ రంగు సెల్యులాయిడ్ బ్రష్‌లో పట్టీ ఒకే గీతలో ఉంది, కొసలు మొండిగా ఉన్నాయి. రంగు వేసిన గుర్రపు వెంట్రుకే.

దీంతో ఆ బ్రష్ సంగతి తేలిపోయింది. డ్రిల్లు పెట్టి ఆ కుచ్చు తవ్వితే దుమ్ము లేస్తుంది, పైగా పిడి సెల్యులాయిడ్. కాబట్టి దాన్ని విప్పడం లేదు, వాడడం లేదు. దాచడంలోనే ఒక చిక్కు ఉంది. కుచ్చుని మూసి ఉంచాలి, సెల్యులాయిడ్‌ని మాత్రం మూయకూడదు, ఎందుకంటే అది పాడవుతూ వదిలే ఆమ్లపు ఆవిరి డబ్బాలో పేరుకుపోతే పిడి ఇంకా తొందరగా చితికిపోతుంది, పక్కన ఉన్న లోహం తుప్పు పడుతుంది. చివరికి కుచ్చుకి మాత్రం మందపాటి కాగితంతో గట్టి కవరు చేసి అతికించి, పిడిని గాలి తగిలేలా వదిలేశాను. రేజర్లకి దూరంగా, ఎండ పడని అల్మరాలో వేరే అర. పక్కనే ‘వాడకూడదు’ అని చీటీ. అంత అందమైన దంతపు చారలున్న పిడిని వాడకుండా ఉంచడం బాధగానే ఉంది.

మంగళవారం

సింప్సన్. తక్కువ పని, ఎక్కువ సంతోషం.

అలెగ్జాండర్ సింప్సన్ 1919లో లండన్‌లో మొదలుపెట్టిన కంపెనీ ఇది. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్ మీద బాంబులు పడ్డాక పని సోమర్సెట్‌కి మారింది. ఇప్పుడు ఐల్ ఆఫ్ మ్యాన్‌లో తయారవుతున్నాయి. కలెక్టర్లు ‘సోమర్సెట్ కాలం’ అని ప్రత్యేకంగా పిలుచుకునే బ్రష్‌లలో నాది ఒకటి, యుద్ధం తర్వాతిది, అసలైన బ్యాడ్జర్. నా నియమం ప్రకారం ఇది వాడుకోవచ్చు.

కుచ్చు మొదట్లో పాత సబ్బు గట్టిగా పేరుకుని ఉంది. కఠిన జలంలో సబ్బు వాడితే మిగిలే సున్నపు సబ్బు అది, మామూలు నీళ్ళకి కరగదు. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం వెనిగర్, పదింటికి ఒకటి పాళ్ళలో కలిపి, వెంట్రుకలు మాత్రమే మునిగేలా కొన్ని నిమిషాలు ఉంచాను. పిడిని ఆ నీళ్ళకి తగలనివ్వలేదు. తర్వాత గిన్నెలు కడిగే లిక్విడ్ ఒక చుక్క, వేళ్ళతో మెల్లగా మర్దన, చల్లని నీళ్ళతో కడగడం. మురికి నీళ్ళు తేటపడేదాకా ఇదే. మొదటిసారి వచ్చిన నీళ్ళు బూడిద రంగులో ఉన్నాయి. చివరికి కొసల తెలుపు బయటపడింది, ఎంత మెత్తగా ఉందంటే చెంపకి తాకించుకుని కాసేపు అలాగే ఉన్నాను.

పిడి మీద లేబుల్ సగం చెరిగిపోయి ఉంది. మిగిలిన సగం మీదికి గుడ్డ కూడా పోనివ్వలేదు. పాలిష్ చేయలేదు.

గురువారం

ఎవర్‌రెడీ కుచ్చు తీయడం. అమెరికన్ సేఫ్టీ రేజర్ కంపెనీ బ్రాండ్ ఇది, బ్రూక్లిన్ నుంచి వచ్చేవి. ఒకప్పుడు ఇంటింటా ఉన్న బ్రష్ కాబట్టి ఇప్పటికీ తేలిగ్గా దొరుకుతుంది. పునరుద్ధరణ నేర్చుకోవాలనుకునేవాళ్ళకి నేను సూచించేది ఇదే.

కుచ్చుని ముందు పూర్తిగా తడిపాను, దుమ్ము లేవకుండా. గ్లవ్స్, మాస్క్ పెట్టుకుని, పదునైన కత్తెరతో పిడి అంచు దాకా కత్తిరించి, వెంట్రుకలన్నీ తడిగానే సంచిలో వేసి ముడేశాను. మిగిలిన మోడుని కటింగ్ ప్లేయర్‌తో కొంచెం కొంచెంగా తిప్పుతూ లాగాను. పాత జిగురు ఎండిపోయి ఉండడం వల్ల పెద్ద ముక్కలుగానే ఊడింది. లోపల గోడలకి అంటుకున్నది మాత్రం చిన్న ఉలితో గీకి తీశాను.

లోపలి గుంత వ్యాసం 21 మి.మీ., లోతు 19 మి.మీ. మెడ దగ్గర బయటి వ్యాసం 29. నేను పెట్టాలనుకున్నది 22 మి.మీ. కుచ్చు. జిగురుకి చోటుతో కలిపి గుంత 23 కావాలి. అప్పుడు గోడ మందం చుట్టూ 3 మి.మీ. మిగులుతుంది. పోత ఫినాలిక్ పెళుసు పదార్థం, అంతకంటే పల్చన చేయడం నాకు ఇష్టం లేదు. 24 మి.మీ. కుచ్చు పెడితే బ్రష్ ఇంకా నిండుగా కనిపిస్తుంది, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఈ పిడి నడుము సన్నంగా ఉంటుంది, దాని మీద లావు కుచ్చు పెడితే ఆ పొందిక చెడిపోతుంది.

పెద్ద డ్రిల్ బిట్ పెడితే అంచు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి రోటరీ టూల్‌కి ఉప్పు కాగితపు డ్రమ్ము తగిలించి, తక్కువ వేగంతో, మధ్యమధ్య ఆపుతూ గుంతని వెడల్పు చేశాను. పిడిని వైస్‌లో నేరుగా బిగించలేదు, రబ్బరు షీటు చుట్టి చేత్తోనే పట్టుకున్నాను. ఫినాలిక్ పొడి ఊపిరితిత్తులకి మంచిది కాదు, కాబట్టి మాస్క్ తీయలేదు, పని అయ్యాక బల్లని తడిగుడ్డతోనే తుడిచాను.

ఆదివారం

పిడి పైపని. ఇక్కడే నిర్ణయం తీసుకోవాలి: తేనె రంగు ఉంచాలా, తీసి లోపలి మీగడ రంగు బయటికి తేవాలా? 400 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి నీళ్ళతో రుద్దుకుంటూ పోతే పైపొర పోతుంది, ‘అసలు రంగు’ వస్తుంది. అలా చేసిన బ్రష్‌ల ఫొటోలు చాలా చూశాను, చూడ్డానికి బాగానే ఉంటాయి. అయినా నేను తీయను. ఆ తేనె రంగు కింద దాగి ఉన్న తెలుపు ఫ్యాక్టరీది, పైన ఉన్న రంగు మాత్రం ఈ ఒక్క బ్రష్‌దే. చేయి ఎక్కువ తగిలిన నడుము దగ్గర ఒక ఛాయ, అడుగున ఇంకో ఛాయ. దాన్ని నేను మళ్ళీ తయారుచేయలేను.

కాబట్టి 2000 నంబరుతో, తడిగా, గీతలు పోయేంత మాత్రమే. ఆ తర్వాత పాలిష్ క్రీమ్, మెత్తటి నూలు గుడ్డ. పసుపు గుడ్డకి దిగుతూనే ఉంటుంది, కంగారు పడక్కర్లేదు. అరగంట రుద్దేసరికి లోపలి నుంచి వెలుగు వచ్చినట్టు అయింది పిడి.

మెడ దగ్గర వెంట్రుకవాసి పగులు ఒకటి కనిపించింది. నీళ్ళలా పల్చగా ఉండే సూపర్ గ్లూ ఒక చుక్క పగులు మొదట్లో పెడితే అదే లోపలికి పాకుతుంది. పైకి వచ్చినదాన్ని ఆరాక 2000 నంబరుతో సమం చేశాను.

అడుగున చెక్కిన అక్షరాల్లో పాత రంగు దాదాపు పోయింది. నల్ల ఎనామెల్ పెయింట్ పన్ను పుల్లతో అక్షరాల్లో నింపి, ఐదారు నిమిషాలాగి, గట్టి అట్టకి చుట్టిన గుడ్డతో అడ్డంగా తుడిచాను. గుడ్డ సాగదీసి ఉంటే గీతల్లోకి దిగదు, పైనున్న రంగే పోతుంది. ‘స్టెరిలైజ్డ్’ అన్న మాట ఇప్పుడు చక్కగా చదవగలిగేలా ఉంది.

సోమవారం

కుచ్చు పెట్టి చూడడం, జిగురు లేకుండా. ఈ మెట్టుని ఎవరూ వదిలేయకూడదు.

తెచ్చింది బ్యాడ్జర్ కుచ్చు, మొదలు 22 మి.మీ., మొత్తం పొడవు 60. లాఫ్ట్ ఎంత ఉంచాలన్నది బ్రష్ స్వభావాన్ని నిర్ణయిస్తుంది. గుంతలోకి లోతుగా దించితే వెంట్రుకలు పొట్టిగా, గట్టిగా, ముఖం మీద చురుగ్గా ఉంటాయి. పైకి వదిలితే మెత్తగా, వాలిపోతూ ఉంటాయి. మామూలుగా వ్యాసానికి రెండింతల కంటే కొంచెం ఎక్కువ లాఫ్ట్ ఉంటే బాగుంటుంది. గుంతలో అడుగున చెక్క బిళ్ళలు మార్చి మార్చి పెట్టి, ఒక్కో ఎత్తులో తడి బ్రష్‌ని అరచేతిలో తిప్పి చూశాను. 45 దగ్గర నాకు మరీ బిరుసుగా ఉంది. 51 దగ్గర కొస ఊగిసలాడుతోంది. 48 దగ్గర కుదిరింది. అంటే కుచ్చు 12 మి.మీ. లోపలికి దిగాలి, గుంత లోతు 19 కాబట్టి అడుగున 7 మి.మీ. చెక్క బిళ్ళ. చెక్క తేమ పీల్చకుండా దానికి చుట్టూ ఎపాక్సీ జిగురు పూశాను.

అతికించడానికి తొందరగా గట్టిపడే రకం కాకుండా, ఒక రోజంతా ఆరే ఎపాక్సీ వాడతాను. సరిచేసుకోవడానికి సమయం ఉంటుంది. గోడలకి పల్చగా, బిళ్ళ మీద కొంచెం. ఎక్కువైతే వెంట్రుకల మధ్య నుంచి పైకి పాకి అక్కడే రాయిలా గట్టిపడుతుంది, అప్పుడు కుచ్చు విచ్చుకోదు. కుచ్చు దించి, బ్రష్‌ని బల్ల మీద నిలబెట్టి, చుట్టూ తిప్పుతూ ఏ వైపు నుంచి చూసినా నిటారుగా ఉందా అని చూసి వదిలేశాను.

బుధవారం

కొత్త బ్యాడ్జర్‌కి మొదట్లో తడిసిన జంతువు వాసన ఉంటుంది. సబ్బు నురగ దట్టంగా చేసి, కడగకుండా రాత్రంతా అలా వదిలి, పొద్దున కడిగితే చాలావరకు పోతుంది. మూడు నాలుగు వెంట్రుకలు రాలాయి, మొదటి వారం అది మామూలే.

ఈ ఉదయం గడ్డం దీంతోనే. నురగ తొందరగా లేచింది, కుచ్చు మధ్యలో నీళ్ళు బాగా నిలిచాయి. ఆ పిడి అరచేతిలో పట్టుకుంటే చేతి వేడికి తొందరగా వెచ్చబడుతుంది. అందరూ మెరుపు గురించి చెబుతారు కానీ ఫినాలిక్ పిడి వాడడంలో అసలు సుఖం ఆ వెచ్చదనమే.

శనివారం

ఇక రబ్బర్‌సెట్. న్యూజెర్సీలోని న్యూవార్క్‌లో ఆండ్రూ ఆల్‌బ్రైట్ మొదలుపెట్టిన కంపెనీ. అంతకుముందు వెంట్రుకల్ని రెజిన్‌తోనో మామూలు జిగురుతోనో అతికించేవాళ్ళు, వేడి నీళ్ళకి అది మెత్తబడి కుచ్చు ఊడి చేతికొచ్చేది. వీళ్ళు వెంట్రుకల మొదళ్ళని రబ్బరులో గుచ్చి, ఆ రబ్బరుని వల్కనైజ్ చేసి గట్టిపరిచారు. ప్రకటనల్లో గట్టి రబ్బరు పట్టు గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు. కటింగ్ ప్లేయర్‌తో ఒకసారి లాగి చూస్తే ఆ మాటలో అతిశయోక్తి లేదని అర్థమవుతుంది. మోడు ఒక్క పిసరు కూడా కదల్లేదు. అన్నేళ్ళ కిందట చేసిన పని ఇంకా అంత గట్టిగా ఉండడం చూసి గౌరవం కలిగింది.

లాగడం మానేసి నడిమిన 6 మి.మీ. రంధ్రం వేశాను, తర్వాత మెట్లు మెట్లుగా పెద్ద బిట్లు. వేగం బాగా తక్కువ. ఎబొనైట్ వేడెక్కితే మెత్తబడి బిట్‌కి చుట్టుకుంటుంది, గది నిండా గంధకం వాసన. కిటికీలు తెరిచి, పది పదిహేను సెకన్లకోసారి ఆపి చల్లారనిచ్చాను. కుచ్చుని ముందే తడిపి కత్తిరించడం, మాస్క్, గ్లవ్స్ షరా మామూలే. మెడ చుట్టూ ఉన్న నికెల్ పూత పట్టీని తీయలేదు. దాని కింద రబ్బరు పట్టు ఎంత పెళుసుగా ఉందో పైనుంచి కనిపించదు.

పిడి పైభాగం అంతా గోధుమ రంగు. దీన్ని నలుపు చేయడానికి కొందరు షూ పాలిష్, నల్ల రంగు పూస్తారు. తడి చేతికి అంటే రంగు నాకు అక్కర్లేదు. 800 నుంచి 2000 దాకా ఉప్పు కాగితంతో, నీళ్ళకి బదులు ఒక చుక్క మినరల్ ఆయిల్ వేసి రుద్దితే గోధుమ పొర పోయి కింద అసలు నలుపు వస్తుంది. కానీ ముద్రించిన పేరు చాలా పల్చగా ఉంది. నాలుగు రుద్దులకే పోతుంది. కాబట్టి నడుము, అడుగు నలుపుకి తెచ్చాను, పేరు ఉన్న పట్టీని వేలెడు వెడల్పున టేపు వేసి అలాగే వదిలేశాను. నలుపు మధ్యలో గోధుమ రంగు పట్టీ, దాని మీద పేరు. చూసినవాళ్ళు పని సగంలో ఆపేశానని అనుకోవచ్చు. పేరు లేని నల్ల పిడి కంటే పేరున్న రెండు రంగుల పిడి నాకు వెయ్యి రెట్లు మేలు.

దీనికి బ్యాడ్జర్ పెట్టడం లేదు. పుట్టుకతో పంది వెంట్రుకల బ్రష్ కాబట్టి అదే పెడుతున్నాను. పంది కుచ్చు మొదట్లో మొండికేస్తుంది: వాడే ముందు నీళ్ళలో నాననివ్వాలి, కొన్ని వారాల వాడకం తర్వాతే కొసలు చీలి మెత్తబడతాయి. సబ్బుబిళ్ళ మీద నేరుగా తిప్పి నురగ తేవడంలో మాత్రం దానికి సాటి లేదు. 24 మి.మీ. కుచ్చు గుంతలో సులువుగా కూర్చుంది. 52 దగ్గర తిప్పి చూశాను, 50 దగ్గర చూశాను. పంది వెంట్రుక వాడేకొద్దీ కొంత విచ్చుకుని మెత్తబడుతుంది కాబట్టి ఇప్పుడు రవ్వంత గట్టిగా ఉండడమే మంచిది. 50కి ఖాయం చేసి అడుగు బిళ్ళ కోసి పెట్టాను. బిళ్ళకి పూసిన ఎపాక్సీ ఆరాక కుచ్చు అతికిస్తాను.